వ్యాపార నాయకుల సామాజిక బాధ్యత: భారతీయ అనుభవం

సంస్థను స్థాపించినవారినీ, నడిపేవారినీ, దాని నిర్ణయాల కింద చివరి సంతకం చేసేవారినీ కలిపి వ్యాపార నాయకులు అంటారు. ఒకప్పటి శెట్టి, షావుకారు, మిల్లు యజమాని స్థానంలో ఇవాళ ప్రమోటర్, చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ అన్న పేర్లు వచ్చాయి. ఆ సంతకం ప్రభావం వాటాదారుల దగ్గరే ఆగదు. కూలి అందుకునేవాడి మీద, సరుకు కొనేవాడి మీద, గొట్టం చివర ఉన్న చెరువు మీద, ప్రభుత్వ ఖజానా మీద కూడా పడుతుంది.

ఈ బాధ్యత గురించి మన దేశంలో రెండు ఆలోచనలు చాలాకాలంగా పక్కపక్కనే నడుస్తున్నాయి. సంపాదించినదాంట్లో కొంత సమాజానికి తిరిగి ఇవ్వాలన్నది ఒకటి. సంపాదించే తీరే సమాజానికి హాని చేయకుండా ఉండాలన్నది రెండోది. మొదటిదానికి శిలాఫలకాలు, సన్మానాలు, బిరుదులు దక్కాయి. రెండోదాన్ని సమ్మెలు, ప్రమాదాలు, కుంభకోణాలు జరిగినప్పుడే పట్టించుకున్నారు. ఈ వ్యాసం రెండింటినీ చూస్తుంది. బరువు రెండోదానిపైనే ఎక్కువగా ఉంటుంది.

శ్రేణులు, నకరాలు, సత్రాలు

వ్యాపారులు సంఘాలుగా ఏర్పడి ప్రజల సొమ్ముకు పూచీ పడటం మనకు కొత్త కాదు. నాసిక్ గుహల్లో క్షత్రప రాజు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు వేయించిన శాసనంలో ఒక అక్షయనీవి (తరగని మూలధనం) ప్రస్తావన ఉంది. అతను బౌద్ధ భిక్షువుల కోసం 3,000 కార్షాపణాల నాణేలను గోవర్ధనంలోని రెండు నేతగాళ్ల శ్రేణుల (వృత్తి సంఘాల) దగ్గర పెట్టాడు. అందులో 2,000కు నెలకు నూటికి ఒకటి చొప్పున, 1,000కి ముప్పావు చొప్పున వడ్డీ. మొదటి మొత్తం మీద ఏడాదికి వచ్చే 240 కార్షాపణాలు ఇరవై మంది భిక్షువులకు తలా పన్నెండు చొప్పున వస్త్రాలకు సరిపోతాయి. అసలు కదలకూడదు, వడ్డీ ఆగకూడదు. రాజవంశీకుడు తన దానాన్ని నేతగాళ్ల చేతిలో పెట్టాడంటే వారి మాట మీద ఉన్న నమ్మకం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ కాలపు వ్యాపార నాయకత్వానికి ఇంతకంటే మంచి యోగ్యతాపత్రం ఉండదు.

అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారిలో వర్తకులు, గృహస్థులతో పాటు విధికుడనే చర్మకారుడు కూడా ఉన్నాడు. మధ్యయుగంలో అయ్యావళి ఐనూర్వురు వంటి వర్తక సంఘాలు దక్షిణాపథమంతా వ్యాపించాయి. తెలుగు నేలపై నకరాలనే వర్తక సంఘాలు సరుకు మీద తమకు తామే మగమ అనే రుసుము విధించుకుని గుడులకు, ధర్మకార్యాలకు ఇచ్చాయి. వర్తకుడి నుంచి సమాజం ఏదైనా ఆశించాలంటే వర్తకుడికి కూడా పాలకుడి నుంచి భరోసా ఉండాలి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఈ రెండో వైపును చూపిస్తుంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకపై నిర్ణీత సుంకం తప్ప ఏదీ తీసుకోబోమని ఆ శాసనం మాటిచ్చింది.

తర్వాతి శతాబ్దాల్లో ఈ సంప్రదాయం సత్రాలు, చలివేంద్రాలు, వేదపాఠశాలల రూపంలో సాగింది. కులం, ఊరు, దేవుడు ఈ దానానికి హద్దులు గీశాయి. బాటసారికి అన్నం పెట్టిన షావుకారే రైతు నోటుపై నూటికి ఎంత వడ్డీ రాసుకున్నాడని అడిగే వ్యవస్థ అప్పట్లో లేదు.

నాగపూర్ నుంచి జంషెడ్‌పూర్ దాకా

ఆధునిక పరిశ్రమ వచ్చాక ప్రశ్న మారింది. వేలమంది ఒకే కప్పు కింద పనిచేస్తున్నప్పుడు వాళ్ల పనిగంటలు, గాలి, వైద్యం, వృద్ధాప్యం ఎవరి పూచీ? ఈ ప్రశ్నకు తొందరగా సమాధానం వెతికినవాడు జంషెట్జీ టాటా (1839–1904). 1877 జనవరి 1న నాగపూర్‌లో మొదలైన ఆయన ఎంప్రెస్ మిల్లులో 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాద పరిహారం వచ్చాయి. ఇవేవీ చట్టం అడిగినవి కావు. కార్మికులు నిలవకపోతే మిల్లు నడవదన్న లెక్క కూడా ఇందులో ఉంది. దయనూ లెక్కనూ విడదీసి చూపడం కష్టం, విడదీయాల్సిన అవసరమూ అంతగా లేదు.

1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ 1912లో ఎనిమిది గంటల పనిదినం అమలు చేసింది. 1915లో ఉచిత వైద్యం, 1920లో జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్ వచ్చాయి. ఎనిమిది గంటల పని దేశమంతటికీ చట్టంగా రావడానికి మరో మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. అయితే ఆ ఉక్కు సంస్థ వెలసిన జంషెడ్‌పూర్ చరిత్రను ఇక్కడితో ఆపేస్తే అది కంపెనీ పుస్తకంలా ఉంటుంది. 1920లో, 1922లో, 1928లో అదే ఊళ్లో పెద్ద సమ్మెలు జరిగాయి. యజమాని తనంత తాను ఇచ్చే సౌకర్యానికీ, కార్మికుడు సంఘం పెట్టుకుని అడిగే హక్కుకూ మధ్య దూరం అక్కడ కూడా ఉంది.

టాటాల నమూనాలో అసలు విశేషం యాజమాన్య నిర్మాణంలో ఉంది. జంషెట్జీ కొడుకులు తమ ఆస్తిని ధర్మనిధులకు రాసేశారు. రతన్ టాటా ట్రస్టు 1919లో, దొరాబ్జీ టాటా ట్రస్టు 1932లో ఏర్పడ్డాయి. మాతృసంస్థ టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా ఇవాళ్టికీ ఇలాంటి ట్రస్టుల చేతిలోనే ఉంది. 1909లో బెంగళూరులో మొదలైన భారతీయ విజ్ఞాన సంస్థ, 1936 నాటి సామాజిక శాస్త్రాల సంస్థ, 1941 నాటి క్యాన్సర్ ఆసుపత్రి, 1945 నాటి మౌలిక పరిశోధన సంస్థ ఈ కుటుంబ దాతృత్వం నుంచే పుట్టాయి. 1924లో ఉక్కు సంస్థ జీతాలకే కటకటలాడినప్పుడు దొరాబ్జీ తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి జూబిలీ వజ్రంతో సహా, బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. లాభం వచ్చినప్పుడు పంచినవారు చాలామంది. నష్టం వచ్చినప్పుడు ఇంట్లో నగ తీసిచ్చినవారు తక్కువ.

అమృతాంజనం సొమ్ము

తెలుగువారిలో వ్యాపారాన్నీ ప్రజాజీవితాన్నీ ఒకే చేత్తో నడిపినవారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867–1938) మొదట గుర్తుకొస్తారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, మద్రాసు, కలకత్తా, బొంబాయిల్లో ఉద్యోగాలు చేసి, 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత సభల్లో మందును ఊరికే పంచి అలవాటు చేసిన అమ్మకపు నేర్పు ఆయనది. పసుపురంగు డబ్బా ఇంటింటికీ చేరింది.

ఆ లాభం ఎటు పోయిందన్నదే ఆయన ప్రత్యేకత. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చారు. 1924లో ‘భారతి’ సాహిత్య మాసపత్రిక వచ్చింది. ఆంధ్ర గ్రంథమాల పేరుతో పుస్తకాలు అచ్చువేశారు. గ్రంథాలయోద్యమానికి, ఖద్దరుకు, కష్టాల్లో ఉన్న రచయితలకు చేయూతనిచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరులో కుదిరిన ఒప్పందానికి మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగ్ వేదికైంది, పేరూ ఇచ్చింది. జనం ఆయనను దేశోద్ధారకుడు, విశ్వదాత అన్నారు.

పంతులుగారి దానం గుడిమెట్ల దగ్గర ఆగలేదు. ఒక భాషకు పత్రిక, పుస్తకం, చర్చ అందించడానికి ఖర్చయింది. వ్యాపారి పత్రిక పెడితే అది వ్యాపారి గొంతే అవుతుందన్న అనుమానం ఎప్పుడూ న్యాయమైనదే. ఆయన విషయంలో మాత్రం మందు పత్రికను పోషించింది.

అహ్మదాబాద్ 1918, ధర్మకర్తృత్వం

1917లో అహ్మదాబాద్‌లో ప్లేగు వ్యాపించింది. కార్మికులు ఊరు విడిచిపోకుండా మిల్లు యజమానులు భారీ బోనస్ ఇచ్చారు. వ్యాధి తగ్గాక 1918 ఫిబ్రవరిలో దాన్ని తీసేయబోయారు. ధరలు మాత్రం తగ్గలేదు. కార్మికులు 50 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 శాతం అన్నారు. గాంధీ లెక్కలు చూసి 35 శాతం న్యాయమని తేల్చారు. యజమానుల పక్షాన నిలిచింది అంబాలాల్ సారాభాయ్. అంతకుముందు గాంధీ ఆశ్రమం మూతపడే స్థితిలో ఉన్నప్పుడు పేరు చెప్పకుండా 13,000 రూపాయలు ఇచ్చి వెళ్లింది ఆయనే. కార్మికుల పక్షాన నిలిచింది ఆయన సొంత అక్క అనసూయాబెన్.

సమ్మె సడలుతున్నప్పుడు గాంధీ మార్చి 15న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. మూడు రోజులకు రాజీ కుదిరింది. మొదటిరోజు 35 శాతం, రెండోరోజు 20, ఆ తర్వాత మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా 27.5 శాతం ఇవ్వాలన్నది షరతు. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరకు 35 శాతమే ఖాయం చేశారు. 1920లో మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం ఏర్పడింది. గుజరాతులో మహాజన్ అంటే వర్తక శ్రేణి. కార్మికులు ఆ పేరును తమకు తీసుకున్నారు.

ఆశ్రమానికి గుట్టుగా డబ్బిచ్చిన చెయ్యే కూలి పెంచనని బిగుసుకుంది. అంబాలాల్ చెడ్డవాడు కాడు, ఉదారుడనే చెప్పాలి. అందుకే ఈ ఉదంతం విలువైనది. గాంధీ తర్వాత విస్తరించిన ధర్మకర్తృత్వ సిద్ధాంతం ప్రకారం సంపన్నుడు తన దగ్గరున్న ఆస్తికి సమాజం తరఫున కాపలాదారు. తనకు కావలసినంత వాడుకుని మిగిలింది ప్రజలకు వినియోగించాలి. ఈ సిద్ధాంతం యజమాని మనసు మారుతుందని నమ్మింది, కాకపోతే ఏంచేయాలో తేల్చి చెప్పలేదని సోషలిస్టులు విమర్శించారు. ఘనశ్యాందాస్ బిర్లా, జమ్నాలాల్ బజాజ్ వంటివారు గాంధీకి సన్నిహితులైనా ఆ సిద్ధాంతాన్ని పూర్తిగా ఆచరించిన సంస్థను చూపించడం కష్టం.

లాభం గురించిన వాదం

అమెరికాలో ఆర్థికవేత్త హోవర్డ్ బోవెన్ 1953లో వ్యాపారుల సామాజిక బాధ్యతలపై పుస్తకం రాసి ఈ అంశానికి పాఠ్యరూపం ఇచ్చాడు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో దానికి ఎదురు నిలిచాడు. ఆయన వాదం ప్రకారం మేనేజరు వాటాదారుల ఉద్యోగి. నిబంధనలకు లోబడి, మోసం లేకుండా లాభం పెంచడమే అతని సామాజిక బాధ్యత. ఇతరుల డబ్బుతో దానధర్మాలు చేయడం అతని పని కాదు. ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో ఉద్యోగులు, కొనుగోలుదారులు, సరఫరాదారులు, ఊరివాళ్లు అందరినీ సంస్థకు సంబంధీకులుగా లెక్కించాలన్నాడు. 2019 ఆగస్టులో 181 అమెరికన్ సంస్థల అధిపతులు ఫ్రీమన్ చెప్పిన ఈ మాటకే సంతకాలు పెట్టారు. ఫ్రీడ్‌మన్‌ను తిట్టడం మన దగ్గర మామూలే. ఆయన పెట్టిన రెండు షరతులను, నిబంధనలు పాటించడాన్నీ మోసం చేయకపోవడాన్నీ, తప్పకుండా నిలబెట్టుకున్న సంస్థలు ఎన్నని లెక్కపెడితే తిట్టు కొంత తగ్గుతుంది.

విషవాయువు నేర్పినది

1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమంది చనిపోయారు. 1989లో 47 కోట్ల డాలర్లకు పరిహారం కుదిరింది. భారతీయ శాఖ మాజీ చైర్మన్ కేశబ్ మహీంద్రాతో పాటు పలువురు మాజీ అధికారులకు 2010లో కింది కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది. ఇరవై ఆరేళ్ల తర్వాత!

చట్టం మాత్రం మారింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణలు, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం వచ్చాయి. ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారంలో ఓలియం వాయువు లీకైన కేసులో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని ప్రకటించింది. ప్రమాదకరమైన పని చేసే సంస్థ తన జాగ్రత్తలు చెప్పుకుని తప్పించుకోలేదు. పైగా పరిహారం సంస్థ స్తోమతను బట్టి ఉండాలి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. లాక్‌డౌన్‌లో ఆగిన కర్మాగారమది. పన్నెండు మంది చనిపోయారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ సంస్థ చేత మధ్యంతరంగా 50 కోట్ల రూపాయలు జమ చేయించింది. ఇలాంటివి ఒక్క రాత్రిలో బయటపడతాయి. హైదరాబాద్ శివారులోని పటాన్‌చెరు కథ అలా కాదు. అక్కడి ఔషధ పరిశ్రమల వ్యర్థజలంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్‌ను కనుగొన్నారు. రోగిని బతికించే మందు కాలువలో పారితే మందుకు లొంగని సూక్ష్మజీవులు పుడతాయి. ప్రపంచానికి చవగ్గా మందులిచ్చిన పేరు, కాలువ పక్క రైతు పాడైన పొలం రెండూ ఒకే పరిశ్రమవి.

108, సత్యం

హైదరాబాద్ ఇచ్చిన ఉదాహరణ ఇంకా ఇరుకున పెడుతుంది. సత్యం కంప్యూటర్స్ అధినేత బైర్రాజు రామలింగరాజు కుటుంబం 2001లో తండ్రి పేరిట బైర్రాజు ఫౌండేషన్ పెట్టి పల్లెల్లో వైద్యం, తాగునీరు, చదువు పనులు చేపట్టింది. 2005 ఆగస్టులో అత్యవసర వైద్యసేవల సంస్థ ఈఎంఆర్‌ఐ మొదలైంది. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుందన్న నమ్మకం తెలుగునాట అక్కడే పుట్టి మిగతా రాష్ట్రాలకు పాకింది. 2008లో సత్యానికి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా వచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 16న కుటుంబానికే చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు తీర్మానించింది. మదుపరులు గోల చేయడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రాజు లేఖ వచ్చింది. ఏళ్ల తరబడి లెక్కలు పెంచి చూపామని, 5,040 కోట్ల మేర లేని నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నట్టు రాశామని అందులో ఒప్పుకున్నారు. ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది, ఏప్రిల్‌లో సత్యాన్ని టెక్ మహీంద్రా కొనుక్కుంది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజుకు, మరికొందరికి ఏడేళ్ల జైలు విధించింది. మరుసటి నెలలో పై కోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది.

108 అంబులెన్స్ అబద్ధం కాదు. అది ఎక్కి ప్రాణం దక్కించుకున్నవారు లక్షల్లో ఉన్నారు. ఆవర్జాలో రాసిన అంకె మాత్రం అబద్ధం. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని మాఫీ చేయాలన్నవారూ, రెండోదాన్ని బట్టి మొదటిది కూడా నాటకమేనన్నవారూ అప్పట్లో ఎదురుపడ్డారు. వ్యాపార నాయకుడి బాధ్యతల్లో నిజమైన జమాఖర్చు చూపడం అన్నిటికంటే నీరసంగా కనిపిస్తుంది. ఫొటోలకు అందదు. కానీ యాభై వేలకు పైగా ఉద్యోగుల జీతం దానిమీదే ఆధారపడింది.

2013 కంపెనీల చట్టం

సత్యం తర్వాత వచ్చిన కొత్త చట్టంలో మొదట చెప్పుకున్న రెండు ఆలోచనలకూ చోటు దొరికింది. సెక్షన్ 135 అందరికీ తెలుసు. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. తమ ఉద్యోగులకే చేసే మేలు, రాజకీయ విరాళాలు, మామూలు వ్యాపారంలో భాగమైన పనులు ఇందులోకి రావు. మొదట్లో ఖర్చుచేయకపోతే కారణం చెబితే చాలు. 2021 నుంచి మిగిలిన సొమ్మును నిర్ణీత నిధికి బదిలీ చేయాలి, తప్పితే జరిమానా. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెప్పడంతో పరిశ్రమలున్న చోటికే డబ్బు చేరుతోంది. మహారాష్ట్రకు ఎక్కువ, పరిశ్రమలు లేని జిల్లాలకు తక్కువ.

సెక్షన్ 166ను మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోరు. డైరెక్టరు వాటాదారుల ప్రయోజనంతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ పరిరక్షణను కూడా దృష్టిలో పెట్టుకుని పనిచేయాలని అది ఆదేశిస్తుంది. అది 2 శాతం లాభంతో తీరే పని కాదు. మిగతా 98 శాతం ఎలా వచ్చిందో అడుగుతుంది. లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలన్న నియమం, మొదటి వెయ్యి లిస్టెడ్ సంస్థలు పర్యావరణ, సామాజిక వివరాలు ఏటా వెల్లడించాలన్న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన కూడా ఈ దారిలోవే.

చట్టంతో పనిలేకుండా ఇచ్చినవారూ ఉన్నారు. అజీమ్ ప్రేమ్‌జీ 2019 నాటికి విప్రోలో 67 శాతం వాటాల ఆర్థిక ఫలాన్ని తన ఫౌండేషన్‌కు అప్పగించారు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, కోటి రూపాయల విరాళంతో 1987లో హైదరాబాద్ కంటి ఆసుపత్రి నిలబడింది.

అప్పు, ఎన్నికల నిధి

2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్లోకి వచ్చి భారీగా నిధులు సేకరించింది. రెండు నెలలకే, వసూళ్ల ఒత్తిడితో పల్లెల్లో ఆత్మహత్యల వార్తలు వస్తుండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరు 15న వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. పేదలకు అప్పు అందించడం సేవ అన్న మాట నిజమే. ఒకే ఇల్లాలికి నాలుగు సంస్థలు అప్పు ఇచ్చి, వారం వారం గుమ్మంలో కూర్చోవడమూ నిజమే. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగం కమిటీ వడ్డీకి, అప్పు మొత్తానికి హద్దులు సూచించింది.

రాజకీయాలతో వ్యాపారుల సంబంధం ఇంకా మసకగా ఉంటుంది. 2017లో కంపెనీల విరాళాలపై లాభంలో 7.5 శాతం అన్న పరిమితి తొలగి, ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఇచ్చినవారెవరో ఓటరుకు తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేశాక బయటపడిన జాబితాలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే సంస్థలు పాలించే పార్టీలకు ఇచ్చే విరాళాన్ని దానమనాలో పెట్టుబడి అనాలో తేల్చడం కష్టం.

పేరులేని నాయకులు

వ్యాపార నాయకత్వం అద్దాల మేడల్లోనే ఉండదు. కరీంనగర్ ప్రాంతంలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన సహకార పరపతి సంఘం రైతులకు అప్పు, ఎరువు, ధాన్యం మిల్లు, అమ్మకం అన్నీ ఒకచోట చేర్చింది. అదే ఊళ్లో 2002లో మహిళలే యజమానులుగా పాడి సహకార సంఘం మొదలైంది. పాల వెన్నశాతం కొలిచే చోట మోసం లేకపోవడం, బిల్లు చెప్పిన రోజుకు రావడం, మిగులు పోసినవారికే పంచడం అక్కడి సామాజిక బాధ్యత. దీనికి వేరే విభాగం అక్కర్లేకపోయింది.

పెద్ద పరిశ్రమల్లో ఈ పూచీ కాంట్రాక్టరు చేతికి జారిపోతోంది. గేటు లోపల పనిచేసేవారిలో చాలామంది సంస్థ జాబితాలో ఉండరు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఔషధ ముడిపదార్థాల కర్మాగారం పేలినప్పుడు నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. దేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి జాడ చివరకు దొరకనే లేదు.